మూడు పాయింట్ నలభై నాలుగు

ముందే చెప్పేస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, అదీ పదో తరగతితో సరి. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా (తీసుకోనివాళ్లు చేతులెత్తండి). కాబట్టి ఒత్తులు అటూ ఇటూ అయితే క్లబ్బు ఎడిటర్ అక్కని అడగండి, నన్ను కాదు.

లాస్ట్ సెమ్‌లో మేం ముగ్గురం కలిసి హాస్టల్ ఔట్‌పాస్ యాప్ చేశాం. మీలో చాలామంది వాడారు. కొందరు గ్రూపుల్లో తిట్టారు కూడా, స్క్రీన్‌షాట్లు మాకు వచ్చాయి, థ్యాంక్స్. అంతకుముందు ఏముండేదో తెలుసు కదా. గేటు దగ్గర లాంగ్ బుక్కు. అందులో పేరు, రూమ్ నంబర్, ఎక్కడికి, వెళ్లిన టైము, వచ్చిన టైము. దారం కట్టిన పెన్ను, అది కూడా సగం రోజులు రాయదు. దాని బదులు ఫోన్‌లో రిక్వెస్ట్ పెడితే వార్డెన్ సార్ అప్రూవ్ చేస్తారు, క్యూఆర్ కోడ్ వస్తుంది, గేటు దగ్గర వాచ్‌మన్ అన్న స్కాన్ చేస్తాడు, పచ్చ టిక్కు పడుతుంది, బయటికి. రెండు నెలలు కూర్చున్నాం దాని మీద. డెమో రోజు చప్పట్లు కూడా కొట్టారు.

మూడో వారంలో ఒక సాయంత్రం గేటు దగ్గర చూస్తే, అన్న స్కాన్ చేస్తున్నాడు. చేసి, పక్కనే మళ్లీ లాంగ్ బుక్కులో రాస్తున్నాడు. ఒక పనికి రెండు పనులు. నాకు ఒళ్లు మండింది. తర్వాతి రివ్యూ పీపీటీలో ఒక స్లైడ్ పెట్టా: "యూజర్లు మార్పును ఇష్టపడరు." కింద తల పట్టుకున్న ముసలాయన బొమ్మ, గూగుల్‌లో దొరికింది. మేడమ్ స్లైడ్ చూసి ఒక్కటే అడిగింది, "ఆయన్ని అడిగారా?"

అడగలేదు. ఆ రోజు రాత్రి వెళ్లి అడిగాం. అన్న ఏం కోపం లేకుండా చెప్పాడు.

"తమ్మీ, మీ యాప్ మంచిగనే ఉంది. గని రాత్రి పదైనంక ఎవడు లోపటికి రాలేదో నాకెట్ల తెలుస్తది? బుక్కుల అయితే ఆఖరి డబ్బ ఖాళీ ఉంటది. ఒక్క చూపు చూస్తె చాలు. మీ దాంట్ల ఏడ చూడాలె?"

ఎక్కడా లేదు. అంటే డేటాబేస్‌లో ఉంది, వార్డెన్ సార్ డాష్‌బోర్డులో ఉంది, కానీ అన్న ఫోన్‌లో ఉన్నది ఒక్క స్కాన్ బటను, ఒక పచ్చ టిక్కు. గేటు దగ్గర ఆయన పని స్కాన్ చేయడం అని మేం అనుకున్నాం. ఆయన పని, తిరిగి రానివాడెవడో కనిపెట్టడం. బుక్కులో ఖాళీగా ఉన్న గడి మాకు "ఖాళీ గడి". ఆయనకి అదే అసలు సమాచారం.

కోడ్ మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. కారణం యాప్ కాదు. ఆ స్లైడ్ మీద రాసిన మాట నేను అంతకుముందు కూడా ఒకసారి అన్నా, ఇంట్లో, మా తాత గురించి.

మాది నల్గొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఊరు. బత్తాయి తోటలు, పత్తి, బోర్లు, బోర్లలో రాని నీళ్లు. తాతకి రెండు ముక్కల భూమి. బోరు దగ్గరిది 2 ఎకరాల 14 గుంటలు, చెరువు అవతల చెలక 1 ఎకరం 30 గుంటలు. 2018లో కొత్త పాస్‌బుక్కులు ఇచ్చినప్పుడు తాత పుస్తకంలో మొదటి ముక్క ఒక్కటే వచ్చింది. రెండోది రాలేదు. తాత దాంట్లో కంది వేసి ఉన్నాడు, అదే వారం కలుపు తీయించాడు, కానీ పుస్తకంలో మాత్రం ఆ భూమి లేదు.

ఎక్కడ తప్పిందో ఎవరికీ తెలియదు. 2017 సెప్టెంబర్ 15 నుంచి రాష్ట్రమంతా భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది, మూడు నెలల పైన, ఊరూరా. అన్ని లక్షల మంది పేర్లు, సర్వే నంబర్లు అంత తొందరగా ఎక్కించేటప్పుడు ఒక వరస జారిపోయి ఉంటుంది. నేను కూడా ఎక్సెల్‌లో వరసలు జార్చినవాణ్ణే. దాని విలువ మాత్రం తాతకి లెక్క తెలుసు. 2018 మే 10న రైతుబంధు మొదలైంది, ఎకరానికి సీజన్‌కి 4,000. ఎకరం ముప్పై గుంటలంటే 7,000. తర్వాత ఎకరానికి 5,000 అయ్యాక 8,750. ఏడాదికి రెండుసార్లు. దానికన్నా తాతని తొలిచింది వేరే. "రేపు నేను పోయినంక ఎవడన్న వచ్చి ఇది నాది అంటె, నీ దగ్గర ఏం కాయితం ఉంది అంటె?"

కాగితం గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. తాత వాళ్ల నాయిన కాలంలో నిజాం రాజ్యం, రికార్డులన్నీ ఉర్దూ. పహాణీ, పట్టా, సేత్వార్, ఖస్రా, ఈ మాటలన్నీ అక్కడివే, ఇప్పటికీ మనం వాడుతున్నాం. భూమి కాగితం ఒకటి చదివించుకోవడానికి ఆయన నల్గొండ దాకా నడిచిపోయాడట. తర్వాత కాగితాలు తెలుగులోకి వచ్చాయి, కానీ తాతకి చదువు రాదు. చదువు వచ్చిన మనవడు ఇంట్లో పుట్టేసరికి వ్యవహారం ఆన్‌లైన్ అయింది, మెసేజ్‌లు ఇంగ్లీషులో. ఆ మనవడు నేను. మూడు తరాలుగా మా భూమి సంగతి మాకు ఇంకొకరు చదివి చెప్పాల్సిందే.

అయితే మధ్యలో మనిషి ఉండేవాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థ తీసేసినప్పుడు ఊరంతా సంబరం చేసుకున్నారని తాత చెప్పేవాడు. ఆ తర్వాత వేరే పేర్లతో వచ్చారు, చివరికి వీఆర్వో. ఊళ్లో హోటల్ (ఛాయ్ దొరికేదాన్నే మా దగ్గర హోటల్ అంటారు) ముందు బండి ఆపితే నలుగురు చుట్టూ చేరేవాళ్లు. ఎవరి బై నంబరు ఏదో, ఎవరి అన్నదమ్ములు ఎక్కడ గెట్టు పెట్టుకున్నారో, నోటి మీద ఉండేది. చేతులు తడపాలా అని అడిగితే తాత నవ్వి ఊరుకునేవాడు. అంటే నేనేదో పాత కాలం బంగారం అనడం లేదు. వీఆర్వోల మీద ఆరోపణలు ఎన్ని ఉన్నాయో పేపర్ చదివే ఎవరికైనా తెలుసు. తీసేయడానికి ప్రభుత్వం చెప్పిన కారణాల్లో అదే పెద్దది.

2020 సెప్టెంబర్ 7న వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఒక్క రోజులో తహసీల్దార్లకి అప్పగించమన్నారు. అదే నెలలో ఆ పోస్టులు రద్దు చేస్తూ చట్టం వచ్చింది. అక్టోబర్ 29న ధరణి మొదలైంది. మొదట మంచి చెప్పాలి: స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తే రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే రోజు, ఒకే చోట అయిపోయేవి. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసు, మ్యుటేషన్ కోసం ఇంకో ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరగాలి. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి ఇది నిజంగా హాయి. మా మేనమామ కొన్న ముక్క మధ్యాహ్నానికల్లా ఆయన పేరు మీదికి వచ్చింది. స్వీట్లు పంచాడు.

రికార్డు సరిగ్గా లేనివాడి సంగతే వేరు. ఎక్కించిన డేటా సరైనదే అన్న నమ్మకం మీద కట్టిన సిస్టమ్ అది. 2020 చట్టం రెవెన్యూ కోర్టులని తీసేసింది. ఆర్డీవో దగ్గరికి అప్పీల్ అనే మెట్టు లేదు, పేచీ ఉంటే సివిల్ కోర్టుకి పో అన్నారు. కళ్ల ముందు తప్పు కనపడుతున్నా తహసీల్దార్ తన చేత్తో దిద్దలేడు, మీసేవలో అప్లికేషన్ పెడితే అది కలెక్టర్ దాకా పోవాలి. తర్వాత తర్వాత తప్పుల కోసం ఒక్కో మాడ్యూల్ కలుపుతూ పోయారు, అవి ముప్పైకి పైన అయ్యాయి. దిద్దుబాట్ల మాడ్యూల్‌ని జనం టీఎం-33 అనే పిలిచేవాళ్లు. హోటల్ ముందు కూర్చున్న ముసలాళ్లు "నీది థర్టీ త్రీ ల పడ్డదా" అని అడుక్కోవడం నేను విన్నా. సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ లోపలి పనికి పెట్టుకునే కోడ్ పేరు అది. అది ఊళ్లో హోటల్ దాకా వచ్చింది. ఆ కోడ్‌కి అర్థం చెప్పే మనిషి మాత్రం రాలేదు.

ఇంకో సంగతి, వాచ్‌మన్ అన్న దెబ్బ తర్వాతే నాకు ఎక్కింది. పాత పహాణీలో అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. పట్టా ఎవరిదైనా, నేల మీద దున్నుతున్నది ఎవరో రాసే గడి. కొత్త రికార్డులో దాన్ని తీసేశారు. తీసేయడానికి వాదన ఉంది, యజమాని భూమిని ఇంకొకడు ఆ గడి అడ్డం పెట్టుకుని కాజేస్తున్నాడని. ఉంటే ఉండొచ్చు. కానీ కౌలుకి చేసేవాడికి, తెల్ల కాగితం మీద కొనుక్కున్నవాడికి, మా తాత లాగా పట్టా జారిపోయినవాడికి, ఊరు తరఫున సాక్ష్యం చెప్పేది ఆ ఒక్క గడే. తెల్ల కాగితాలవి, అదే సాదా బైనామాలవి, 2020లో రెగ్యులరైజ్ చేయమని దాదాపు తొమ్మిది లక్షల అప్లికేషన్లు వచ్చాయంటే ఆ గడి మీద ఎంతమంది బతుకుతున్నారో చూడండి. డిజైన్ చేసేవాడికి అది తీసేయాల్సిన ఫీల్డ్. మేం ఆఖరి డబ్బాని తీసేసినట్టే.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టులో చేంజ్ మేనేజ్‌మెంట్ అని ఒక టాపిక్ ఉంది, మీకూ ఉంటుంది, ఎగ్జామ్‌కి ముందు రాత్రి చదివి ఉంటారు. కొత్త సిస్టమ్ పెట్టేటప్పుడు పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడపాలి, యూజర్‌తో టెస్ట్ చేయించాలి, ఐటీ వాళ్లకీ వాడేవాళ్లకీ మధ్య రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకడుండాలి. కంపెనీల్లో ఆ పనికి జీతం ఇచ్చి బిజినెస్ అనలిస్ట్‌ని పెట్టుకుంటారు. ఊళ్లో ఆ పని, మంచో చెడో, లంచం తీసుకునో తీసుకోకో, వీఆర్వో చేసేవాడు. సాఫ్ట్‌వేర్ రాకముందే ఆ కుర్చీ తీసేశారు. 2022లో వీఆర్వోలని లాటరీ తీసి వేరే డిపార్ట్‌మెంట్లకి పంపేశారు కూడా. ఖాళీ అయిన ఆ కుర్చీలో ఊరూరా ఎవరు కూర్చున్నారో తెలుసా? ఇంగ్లీష్ మీడియం పిల్లలు. మా ఇంట్లో నేను.

2022లో పదో తరగతి పరీక్షలు అయిపోయి సెలవుల్లో ఉన్నా. తాత ఒక రోజు పొద్దున్నే తెల్ల కాగితాలూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"చిన్నోడా, దరఖాస్తు రాయి. ఇంగ్లీషుల రాయి, ఇంగ్లీషుల రాస్తె వింటరు."

రాశా. రెస్పెక్టెడ్ సర్‌తో మొదలుపెట్టి యువర్స్ ఒబీడియెంట్లీ దాకా, స్కూల్లో సిక్ లీవ్ లెటర్ రాసినట్టే. రెండు ముక్కల విస్తీర్ణం రాసి, కింద టోటల్ అని గీత గీసి కూడా. 2.14, 1.30. కూడితే 3.44.

తాత చదవమన్నాడు. తెలుగులో చెప్పా. మొత్తం దగ్గరికి వచ్చేసరికి ఆపాడు.

"మొత్తం ఎంతని రాసినవ్?"

"మూడు పాయింట్ నలభై నాలుగు."

"నాలుగెకరాల నాలుగు గుంటలు రాయి."

"తాతా, కూడిక నాకు వచ్చు." అప్పటికి నాకు మాథ్స్ అంటే పదికి పది వస్తుందన్న ధీమా (వచ్చింది కూడా). "పాయింట్ తర్వాత పద్నాలుగూ ముప్పై కలిపితే నలభై నాలుగే. కాలిక్యులేటర్‌లో చూపియ్యాల్నా?" చూపించా. ఫోన్‌లో 3.44 అని వచ్చింది. తాత దాన్ని చూసి, నా మొహం చూసి, "ఫోన్ల గట్ల వచ్చిందా" అని ఊరుకున్నాడు.

సిటీ వాళ్ల కోసం: ఎకరానికి నలభై గుంటలు. రికార్డులో 2.14 అని రాస్తే రెండు ఎకరాల పద్నాలుగు గుంటలని అర్థం, అది దశాంశం కాదు. చుక్కకి ఎడమ పక్క ఒక లెక్క, కుడి పక్క నలభైతో తిరిగే ఇంకో లెక్క. గడియారంలో అరవై నిమిషాలకి గంట మారినట్టు. 3.44 అనే విస్తీర్ణం ఈ లోకంలో లేదు. 39 దాటితే గుంటలు ఎకరం అయిపోతాయి. ఇది తెలియనివాడు మా ఇంట్లో నేనొక్కణ్ణే. అదే రోజు మధ్యాహ్నం అమ్మతో అన్నా, "ముసలోళ్లు కొత్తది ఏదీ ఒప్పుకోరమ్మా." ఆ స్లైడ్ మొదటి వెర్షన్ అది.

మీసేవలో కాగితాలు ఇచ్చి వచ్చాం. కొన్ని నెలలకి తాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. డబ్బా ఫోన్, అందులో మెసేజ్ సగం సగం కనపడుతుంది. అప్పటికి నేను నల్గొండలో ఇంటర్, ఆదివారం ఇంటికి వస్తే తాత ఫోన్ చేతిలో పెట్టి అరుగు మీద నా ఎదురుగా కూర్చున్నాడు. అప్లికేషన్ రిజెక్ట్ అయింది, రిమార్క్స్ చూసుకోండి అని ఉంది. నాకు తర్వాతి రోజు వీకెండ్ టెస్ట్ పేపర్ తిరిగిచ్చే రోజు, తల అక్కడుంది.

"ఏమన్నరు?"

"రిజెక్ట్ అయింది తాతా."

"అంటే?"

"కాదన్నరు."

రిమార్క్స్ నేను చూడలేదు. చూస్తే ఏం రాసి ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు. 3.44 వల్లే తిప్పి పంపారో, వేరే కాగితం ఏదైనా తక్కువైందో. రిజెక్ట్ అంటే నాకు తెలుసు: ఫామ్ తప్పు పోతే ఎర్రగా వస్తుంది, దిద్ది మళ్లీ సబ్‌మిట్ కొట్టాలి. రోజుకి పదిసార్లు చూస్తాం. తాతకి నేను చెప్పింది "కాదన్నరు". ఆయన దాన్ని తీర్పులా విన్నాడు. దొర కాదన్నాడు, కోర్టు కాదన్నది, గవర్నమెంటు కాదన్నది, ఆయన వయసులో ఆ మాటకి అవే అర్థాలు. మళ్లీ పెట్టొచ్చు అన్న రెండు మాటలు నేను కలపలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఎవరినీ అడగలేదు. చెలకలో కంది వేస్తూనే ఉన్నాడు. 2023 డిసెంబర్‌లో పోయాడు.

ఈ మధ్య సెమినార్ కోసం కర్ణాటక భూమి ప్రాజెక్టు గురించి చదివా. మన కన్నా ఇరవై ఏళ్లు ముందు, 2000 ప్రాంతంలో, దాదాపు రెండు కోట్ల భూమి రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అక్కడా ఊరి అకౌంటెంట్ల చేతి రాత కాపీలు చెల్లవు అన్నారు, అక్కడా గొడవలు, విమర్శలు ఉన్నాయి, స్వర్గం ఏం కాదు. కానీ ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోయా. తాలూకా ఆఫీసులో పెట్టిన కియోస్క్‌లో కంప్యూటర్‌కి రెండు మానిటర్లు. ఒకటి ఆపరేటర్ వైపు, రెండోది రైతు వైపు. లోపల ఏం కొడుతున్నారో బయట నిలబడ్డవాడికి కనపడాలని. అంతే. ఖర్చు ఒక మానిటరు, ఒక వైరు. పీడీఎఫ్‌లో ఆ ఒక్క వాక్యం చూసి చాలాసేపు కూర్చున్నా. తాత అరుగు మీద నా ఎదురుగా కూర్చున్నాడు అని రాశా కదా. ఫోన్ స్క్రీన్ నా వైపు ఉంది.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే, తొందరగా చెప్తా. ప్రభుత్వం మారింది, 2024 జనవరిలో ధరణి మీద కమిటీ వేశారు, పోర్టల్ నిర్వహణ ప్రైవేటు కంపెనీ నుంచి ఎన్‌ఐసీకి పోయింది, డిసెంబర్‌లో భూ భారతి బిల్లు అసెంబ్లీలో పాసైంది, 2025 ఏప్రిల్ 14న కొత్త పోర్టల్ వచ్చింది. మాడ్యూళ్లు ముప్పై మూడు నుంచి ఆరుకి దిగాయి. అప్పీల్ మెట్లు తిరిగి వచ్చాయి. ముందు నాలుగు మండలాల్లో పెట్టి చూశారు, వాటిలో ఒకటి పాలమూరు వైపు, నారాయణపేట జిల్లా మద్దూరు. పుస్తకంలో పైలట్ అని చదువుతాం కదా, అది. పార్టీల సంగతి నాకొద్దు, ఆ కొట్లాటకి వేరే గ్రూపులున్నాయి. తప్పు దిద్దడానికి ఒక దారి పెట్టారు, ఆ దారి మా ఊరి దాకా వస్తుందా అన్నదే నాకు కావాల్సింది.

జూన్‌లో వచ్చింది. రెవెన్యూ సదస్సులని ఊరూరా పెట్టారు. మా స్కూలు ఆవరణలో టెంటు, బల్లలు, దరఖాస్తు ఫారాలు తెలుగులో. నేను సెమిస్టర్ సెలవుల్లో ఇంట్లోనే ఉన్నా. ముందు రోజు రాత్రి నానమ్మ పాత ట్రంకు పెట్టె తీసింది. పాస్‌బుక్, పాత పహాణీ నకళ్లు, కరెంటు బిల్లులు, తాత ఆధార్, అన్నిటి కింద మడతలు పడిన ఒక జిరాక్స్. ఇంగ్లీషు. నా చేతిరాత. టోటల్ అని గీత గీసి 3.44. దాని పక్కన ఎవరో పెన్సిల్‌తో సున్నా చుట్టారు. ఆఫీసులో చుట్టారో, తాత చుట్టాడో తెలియదు. తాత పెన్సిల్ పట్టడం నేనెప్పుడూ చూడలేదు. నానమ్మని అడిగితే "నాకెర్కనా" అంది.

బయటికొచ్చి బోరు దగ్గర కూర్చుని ఏడ్చా. ఆ ఏడ్చినవాణ్ణే ఐదు నెలలు తిరక్కుండానే గూగుల్‌లో ముసలాయన బొమ్మ వెతికి స్లైడ్‌లో పెట్టా. ఇది మీకు చెప్పాలా వద్దా అని ఆలోచించా. చెప్పేశా.

పొద్దున్నే సదస్సులో ఫారం నింపా, ఈసారి తెలుగులో, ఒత్తులతో సహా. నానమ్మ రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారి విన్నది, రెండోసారి ఒక్కో గడి మీద వేలు పెట్టి "గిది ఏంది, గిది ఏంది" అని అడిగింది. వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు. వాళ్ల కాగితాలు కూడా నేనే చదివి పెడతా అంటే ఊరుకున్నారు. ఆ రోజు సాయంత్రం దాకా ఇరవై పైనే చదివా. ఒకామె తన ఫారం నింపాక, "మావోడు చెప్పిండు, ఇంక కాదంట కదా" అంది. ఎవరన్నారమ్మా అంటే కొడుకంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్.

నానమ్మకి రసీదు ఇచ్చారు. దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి, తాత ఫొటో వెనక దోపింది.

సెప్టెంబర్‌లో ఊళ్లకి మళ్లీ మనుషులు వచ్చారు, గ్రామ పాలన అధికారులని. పాత వీఆర్వోలకీ వీఆర్ఏలకీ పరీక్ష పెట్టి తీసుకున్నారు. "మల్ల ఒకాయన వచ్చిండురా, బండి మీద," అంది నానమ్మ ఫోన్‌లో. ఆ గొంతులో సంబరమా అనుమానమా నాకు అర్థం కాలేదు. రెండూ అయ్యుండొచ్చు. సర్వేకి వస్తామన్నారట, ఒకసారి వచ్చారట, ఇంకోసారి రావాలట. పుస్తకం ఇంకా రాలేదు.

గేటు దగ్గర ఇప్పుడు అన్న ఫోన్‌లో రెండో స్క్రీన్ ఉంది, రాత్రి పది దాటాక ఎర్ర పేర్లతో. పెట్టే ముందు పేపర్ మీద గీసి అన్నకి చూపించాం. రూమ్ నంబర్ పైన పెట్టమన్నాడు, పేరు కింద. "పేరుతోని నాకేం పని తమ్మీ, రూముకు పోయి తలుపు కొట్టాలె కదా." లాంగ్ బుక్కు మాత్రం తీసేయలేదు. కరెంటు పోయిన రోజుకి ఉండనీ అన్నాడు, ఉండనిచ్చాం. దారం పెన్ను కొత్తది కొన్నాం, రాస్తుంది.

పోయిన వారం నానమ్మ ఫోన్. ఏదో నోటీసు కాగితం ఇచ్చి సంతకం తీసుకున్నారట, వేలిముద్ర. ఇంట్లో ఎవరూ లేరు, అమ్మ పత్తి ఏరడానికి పోయింది. ఫొటో తీసి పంపడం నానమ్మకి రాదు. నానమ్మకి అక్షరాలు రావు, కానీ అంకెలు వస్తాయి, బస్సు నంబర్లు చూసి చూసి.

"అంకెలు ఎక్కడెక్కడ ఉన్నయో చదువు నానమ్మా, మెల్లగ."

తారీఖు చదివింది. సర్వే నంబరు చదివింది, అది మా చెలకదే. తర్వాత కొంచెంసేపు ఆగింది. కాగితం వెలుతురుకి పట్టుకుంటున్నట్టు చప్పుడు.

"ఒకటి. చుక్క. మూడు. సున్న."

"ఇంకా?"

"ఇంకన్నీ అచ్చరాలు. అవి నాకు రావు. ఆదివారం రా, వచ్చి ఈడ కూసోని సదువు. ఫోన్ల వద్దు."

టికెట్ బుక్ చేశా. ఔట్‌పాస్ కూడా పెట్టా, మా యాప్‌లోనే. అప్రూవల్ ఇంకా పెండింగ్.